చివరి ‘డి’ లెక్క: డీబగ్, రిలీజ్ లైబ్రరీల పేర్లూ లింకులూ

సీ, సీ ప్లస్ ప్లస్ భాషల్లో రాసిన లైబ్రరీని ఒకే సోర్స్ కోడ్ నుంచి కనీసం రెండు రకాలుగా తయారుచేస్తారు. తప్పులు వెతుక్కోవడానికి డీబగ్ బిల్డ్, జనం చేతికి ఇవ్వడానికి రిలీజ్ బిల్డ్. ఈ రెండు ఫైళ్లకూ ఒకే పేరు పెట్టాలా, వేర్వేరు పేర్లు పెట్టాలా, ఏ ప్రోగ్రామ్‌కు ఏది లింక్ కావాలో ఎవరు తేల్చాలి అన్న ప్రశ్న చూడటానికి చిన్నదే. విండోస్, లినక్స్, మ్యాక్ మూడింటి మీదా నడవాల్సిన ప్రాజెక్టులో మాత్రం ఇది రోజుల తరబడి పని చెడగొడుతుంది. మూడు చోట్లా ‘డీబగ్’ అనే మాటకు ఒకే అర్థం లేకపోవడమే దీనికి మూలం.

డీబగ్ బిల్డ్ అనగానే నాలుగు సంగతులు ఒకే మూటలో కట్టి చెప్పడం అలవాటైంది. కంపైలర్ ఆప్టిమైజేషన్ ఆపేయడం ఒకటి. యంత్ర కోడ్‌లోని ఏ భాగం సోర్స్‌లోని ఏ వరుస నుంచి వచ్చిందో చెప్పే డీబగ్ సమాచారాన్ని జతచేయడం రెండోది. ఈ రెండింటి వల్లా ఎవరికీ హాని లేదు. ఆప్టిమైజ్ కాని లైబ్రరీని ఆప్టిమైజ్ అయిన ప్రోగ్రామ్‌తో నిక్షేపంగా కలపొచ్చు, వేగం తగ్గుతుందంతే. మూడోది అసర్ట్ లాంటి తనిఖీలను పనిచేయనివ్వడం. ఎన్‌డీబగ్ అనే మాక్రో లేకపోతే అవి ఉంటాయి, ఉంటే మాయమవుతాయి. ఇందులో హాని ఉందా లేదా అన్నది కోడ్ రాసినవారి జాగ్రత్తను బట్టి ఉంటుంది. నాలుగోది అదనపు కాపలా పెట్టిన వేరే రన్‌టైమ్ లైబ్రరీని వాడటం. అసలు తంటా అంతా దీనితోనే.

రెండు యంత్ర కోడ్ ముక్కలు ఒకదాన్నొకటి పిలుచుకోవాలంటే వాటి మధ్య ఒప్పందం ఉండాలి. ఒక వస్తువుకు మెమరీలో ఎన్ని బైట్లు పడతాయి, అందులో ఏ గడి ఎక్కడుంటుంది, తీసుకున్న మెమరీని ఎవరు వెనక్కి ఇవ్వాలి అనేవన్నీ ఆ ఒప్పందంలోవే. దీన్ని ఏబీఐ అంటారు. డీబగ్ బిల్డ్ ఈ ఒప్పందాన్ని మారిస్తే ఆ ఫైలు వేరే లైబ్రరీ కిందే లెక్క. మార్చకపోతే దానికి వేరే పేరు అవసరమే లేదు. వాడుకలో ఉన్న పద్ధతుల్లో ఏది సబబో ఏది వృథా శ్రమో తేలేది ఇక్కడే.

తెలుగువారికి దగ్గరి పని ఒకదాన్ని తీసుకుంటే విషయం తేలికపడుతుంది. స్కాన్ చేసిన పాత తెలుగు పుస్తకం పేజీని చదివి, అందులోని పాఠాన్ని తెరమీద మళ్లీ పేర్చి చూపే ప్రోగ్రామ్ అనుకుందాం. అక్షరాలను గుర్తుపట్టడానికి టెసరాక్ట్ ఉంది. 1985-94 మధ్య హ్యూలెట్ ప్యాకర్డ్‌లో తయారై 2005లో ఓపెన్ సోర్స్ అయిన ఈ ఇంజన్‌కు తెలుగు డేటా ఫైలు కూడా దొరుకుతుంది. దాని కింద బొమ్మల పని చూసే లెప్టోనికా, ఆ కింద లిబ్‌పీఎన్‌జీ, జెడ్‌లిబ్. గుర్తుపట్టిన పాఠాన్ని చూపేటప్పుడు ఒత్తులు, గుణింతాలు సరిగ్గా కూర్చేది హార్ఫ్‌బజ్, ఫాంటులోని గీతలను గీసేది ఫ్రీటైప్, యూనికోడ్ లెక్కలు చూసేది ఐసీయూ, విండోలూ బటన్లూ ఇచ్చేది క్యూటీ.  

ఈ లైబ్రరీలన్నీ విండోస్ మీద డీబగ్‌గా తయారైనప్పుడు వచ్చే పేర్లు చూస్తే ఒక్కోటి ఒక్కో దారి పట్టినట్టు కనిపిస్తుంది. టెసరాక్ట్ 5.3 రిలీజ్ ఫైలు టెసరాక్ట్53 అయితే డీబగ్ ఫైలు టెసరాక్ట్53డి. లెప్టోనికాలోనూ వెర్షన్ అంకెల తర్వాతే డి చేరుతుంది. లిబ్‌పీఎన్‌జీ16డి, జెడ్‌లిబ్‌డి, ఫ్రీటైప్‌డి కూడా ఆ కోవవే. క్యూటీలో వెర్షన్ అంకె మధ్యలో ఉంటుంది, క్యూటీ6కోర్ కాస్తా క్యూటీ6కోర్‌డి అవుతుంది. హార్ఫ్‌బజ్‌ను దాని రచయితలు వాడే మీసన్ అనే బిల్డ్ వ్యవస్థతో తయారుచేస్తే పేరు రెండింటికీ ఒకటే. ఐసీయూ మరీ పద్ధతిగా ఉంటుంది. దాని కోడ్ లైబ్రరీలకు డి తగులుతుంది కానీ, యూనికోడ్ పట్టికలు మాత్రమే ఉండే డేటా లైబ్రరీకి తగలదు. అందులో కోడే లేదు కాబట్టి డీబగ్ చేయడానికీ ఏమీ లేదు. అవసరమైన చోటే గుర్తు పెట్టడం అంటే ఇదీ.

విండోస్ మీద ఈ డి ఎందుకు వచ్చిందో తెలియాలంటే మైక్రోసాఫ్ట్ కంపైలర్ సంగతి చూడాలి. ఇందులో సీ రన్‌టైమ్‌ను ఎంచుకునే స్విచ్‌లు నాలుగు: /ఎండీ, /ఎండీడీ, /ఎంటీ, /ఎంటీడీ. మొదటి జంట రన్‌టైమ్‌ను డీఎల్‌ఎల్‌గా వాడుతుంది, రెండో జంట ప్రోగ్రామ్‌లోనే కలిపేస్తుంది. చివర అదనంగా డీ ఉన్నవి డీబగ్ రన్‌టైమ్‌వి. విజువల్ స్టూడియో 2015 నుంచి రిలీజ్ ప్రోగ్రామ్‌కు యూసీఆర్టీబేస్, వీసీరన్‌టైమ్140, ఎంఎస్‌వీసీపీ140 అనే డీఎల్‌ఎల్‌లు కావాలి. డీబగ్ ప్రోగ్రామ్‌కు అవే పేర్ల చివర డి చేర్చినవి కావాలి. డీబగ్ రన్‌టైమ్ కొత్తగా ఇచ్చిన మెమరీని సీడీ అనే హెక్స్ విలువతో నింపుతుంది, విడిచిపెట్టిన దాన్ని డీడీతో నింపుతుంది, అంచుల్లో ఎఫ్‌డీ కాపలా బైట్లు పెడుతుంది. గీత దాటి రాసిన కోడ్‌ను పట్టుకోవడానికి ఇంతకన్నా చవకైన ఉపాయం లేదు. కానీ ఈ రన్‌టైమ్ ఇచ్చిన మెమరీని రిలీజ్ రన్‌టైమ్‌కు తిరిగిస్తే దానికి ఈ కాపలా సంగతి తెలియదు. ఒక డీఎల్‌ఎల్‌లో తీసుకున్న మెమరీని మరో దాంట్లో విడిచినప్పుడు వచ్చే క్రాష్‌లకు ఎక్కువగా ఇదే కారణం.

ఇంతకన్నా చిక్కైనది సీ ప్లస్ ప్లస్ ప్రామాణిక లైబ్రరీ. డీబగ్ బిల్డ్‌లో ఇటరేటర్ డీబగ్ లెవల్ అనే మాక్రో విలువ 2, రిలీజ్‌లో 0. విలువ 2 అయినప్పుడు వెక్టర్, స్ట్రింగ్ లాంటి ప్రతి వస్తువులోనూ ఇటరేటర్ల మీద నిఘా పెట్టే అదనపు పాయింటర్ ఒకటి చేరుతుంది. 64 బిట్ విండోస్‌లో రిలీజ్ వెక్టర్ 24 బైట్లు, డీబగ్ వెక్టర్ 32. స్ట్రింగ్ 32 బైట్ల నుంచి 40కి పెరుగుతుంది. డీబగ్ ప్రోగ్రామ్ ఒక స్ట్రింగ్‌ను రిలీజ్ లైబ్రరీకి ఇస్తే, ఒక ఊరి కుంచంతో కొలిచి పోసిన ధాన్యాన్ని మరో ఊరి కుంచంతో లెక్కగట్టినట్టే ఉంటుంది. లైబ్రరీ మొదటి గడిలో అక్షరాలు ఉంటాయనుకుంటుంది, అక్కడ ఉన్నది నిఘా పాయింటర్.

మైక్రోసాఫ్ట్ ఈ కలగాపులగాన్ని పట్టుకునే ఏర్పాటు విజువల్ స్టూడియో 2010లో చేసింది. ప్రతి ఆబ్జెక్ట్ ఫైలులోనూ అది ఏ రన్‌టైమ్‌తో, ఏ ఇటరేటర్ లెవల్‌తో తయారైందో రాసి ఉంటుంది. లింకర్ రెండు పొసగని ఫైళ్లను చూస్తే ఎల్‌ఎన్‌కే2038 అనే ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. ఈ ఎర్రర్ వస్తే విసుక్కునేవారే ఎక్కువ. నిజానికి ఇది మేలు చేసే ఎర్రర్. అయితే దీనికి ఒక పెద్ద కన్నం ఉంది. స్టాటిక్ లైబ్రరీలోని ఆబ్జెక్ట్ ఫైళ్లను ఇది చూడగలదు కానీ డీఎల్‌ఎల్‌కు ప్రతినిధిగా ఉండే ఇంపోర్ట్ లైబ్రరీలో ఆ రాతే ఉండదు. కాబట్టి డీఎల్‌ఎల్‌ను తప్పుగా కలిపితే లింకర్ మాట్లాడకుండా పని పూర్తిచేస్తుంది. తప్పు నడిచేటప్పుడు బయటపడుతుంది, లేదా వెంటనే బయటపడకుండా డేటాను పాడుచేస్తుంది.

బొమ్మలను విశ్లేషించే ఓపెన్‌సీవీ లైబ్రరీని వాడే విద్యార్థులకు ఇది బాగా పరిచయమైన అనుభవం. విండోస్ కోసం దొరికే సిద్ధం చేసిన ప్యాకేజీలో లైబ్రరీ అంతా ఒకే పెద్ద ఫైలుగా ఉంటుంది. 4.8 వెర్షన్‌లో ఓపెన్‌సీవీ_వరల్డ్480 రిలీజ్‌ది, ఓపెన్‌సీవీ_వరల్డ్480డి డీబగ్‌ది. విజువల్ స్టూడియో ప్రాజెక్ట్ సెట్టింగుల్లో రెండు పేర్లనూ పక్కపక్కన రాసేయడం, లేదా డీబగ్ పేజీలో రాయాల్సింది రిలీజ్ పేజీలో రాయడం చాలా మామూలు. 4వ వెర్షన్ నుంచి ఓపెన్‌సీవీ ఫైలు పేరును ప్రామాణిక స్ట్రింగ్‌గానే తీసుకుంటుంది. అందువల్ల తప్పు జత కుదిరినప్పుడు లైబ్రరీకి చేరే ఫైలు పేరు చెత్తగా మారి, బొమ్మ ఖాళీగా వస్తుంది. బొమ్మ ఫైలు దారి తప్పు రాశామేమోనని వెతుకుతూ కూర్చుంటారు. దారి సరిగ్గానే ఉంటుంది.

క్యూటీలో ఇదే తప్పుకు మరో లక్షణం. ఒక ప్రోగ్రామ్ క్యూటీ6కోర్‌నూ, అది వాడే ఇంకో లైబ్రరీ క్యూటీ6కోర్‌డినీ లోడ్ చేస్తే, పేర్లు వేరు కాబట్టి విండోస్ రెండింటినీ మెమరీలోకి తెస్తుంది. ఇప్పుడు ఒకే ప్రోగ్రామ్‌లో క్యూటీ రెండు కాపీలు, గ్లోబల్ వేరియబుల్స్ కూడా రెండేసి. అప్లికేషన్ ఆబ్జెక్ట్ ఒక కాపీలో పుడుతుంది, విడ్జెట్ మరో కాపీలో దాన్ని వెతుకుతుంది. ‘విడ్జెట్ కన్నా ముందు అప్లికేషన్‌ను సృష్టించాలి’ అనే అర్థంలో వచ్చే ఎర్రర్ చూసి, కోడ్‌లో అది మొదటి వరుసలోనే ఉందని ప్రోగ్రామర్ నెత్తి పట్టుకుంటాడు. పేరు వేరుగా పెట్టడం ఒక ప్రమాదం నుంచి కాపాడి ఇంకో ప్రమాదానికి తలుపు తీస్తుందని దీన్నిబట్టి తెలుస్తుంది.

లినక్స్ మీద కథ వేరు. జీసీసీ, క్లాంగ్ కంపైలర్లలో డీబగ్ సమాచారం అడిగే స్విచ్‌కూ, ఆప్టిమైజేషన్ స్విచ్‌కూ సంబంధం లేదు. రెండూ ఒకేసారి ఇవ్వొచ్చు. సీ రన్‌టైమ్‌కు డీబగ్ కాపీ అంటూ లేదు, ప్రోగ్రామ్‌లన్నీ వాడేది ఒకే జీలిబ్‌సీ. కాబట్టి డీబగ్ లైబ్రరీ, రిలీజ్ లైబ్రరీ ఒకదాని స్థానంలో ఒకటి నిలబడగలవు. డీబగ్ సమాచారాన్ని కూడా లైబ్రరీలో ఉంచనక్కర్లేదు. దాన్ని వేరే ఫైలుగా తీసి, ప్రతి లైబ్రరీలో ఉండే బిల్డ్ ఐడీ అనే గుర్తుతో రెండింటినీ జతకలుపుతారు. 2017లో వచ్చిన డెబియన్ 9 నాటికి ఈ ఫైళ్ల ప్యాకేజీలు వాటంతట అవే తయారయ్యే ఏర్పాటు వచ్చింది. 2019లో వచ్చిన డీబగ్‌ఇన్‌ఫోడీ సర్వర్ అయితే డీబగ్గర్ అడిగినప్పుడే ఆ సమాచారాన్ని నెట్‌వర్క్ మీద తెచ్చిపెడుతుంది. జనం చేతిలో నడుస్తున్న లైబ్రరీనే, దాన్ని మార్చకుండా డీబగ్ చేయొచ్చు. పద్ధతిగా చూస్తే ఇదే మేలైనది.

లినక్స్‌లోనూ ఒప్పందాన్ని మార్చే దారి ఒకటి లేకపోలేదు. జీసీసీ ప్రామాణిక లైబ్రరీలో గ్లిబ్‌సీఎక్స్ఎక్స్ డీబగ్ అనే మాక్రో పెడితే వెక్టర్ వగైరాల కొలతలు విండోస్‌లో లాగే మారిపోతాయి. అది పెడితే ప్రామాణిక కంటైనర్లను ఇచ్చిపుచ్చుకునే లైబ్రరీలన్నిటినీ అదే మాక్రోతో తిరగ బిల్డ్ చేసుకోవాలి. కొలతలు మారకుండా తనిఖీలు మాత్రమే కావాలంటే గ్లిబ్‌సీఎక్స్ఎక్స్ అసర్షన్స్ అనే మరో మాక్రో ఉంది. చాలామందికి కావాల్సింది ఈ రెండోదే.

లినక్స్‌లో డీబగ్ ఫైలుకు డి తగిలించడం వల్ల లాభం లేకపోగా నష్టం ఉంది. అక్కడ ప్రతి షేర్డ్ లైబ్రరీలో సోనేమ్ అనే అధికారిక పేరు లోపలే రాసి ఉంటుంది, ప్రోగ్రామ్ నడిచేటప్పుడు వెతికేది ఆ పేరునే. ఫ్రీటైప్, లిబ్‌పీఎన్‌జీ రెండూ సీమేక్ అనే బిల్డ్ వ్యవస్థతో తయారుచేస్తే ఏ ప్లాట్‌ఫారం మీదైనా డీబగ్‌కు డి చేరుస్తాయి. పైన చెప్పిన పుస్తకాల ప్రోగ్రామ్‌ను లినక్స్ మీద డీబగ్‌గా తయారుచేసి, ఇలా సొంతంగా బిల్డ్ చేసుకున్న లిబ్‌పీఎన్‌జీ16డిని లింక్ చేస్తే, సిస్టంలో ఉన్న లెప్టోనికా మాత్రం డి లేని లిబ్‌పీఎన్‌జీ16ను అడుగుతుంది. ఒకే ఫంక్షన్ పేర్లతో రెండు లైబ్రరీలు ఒకే ప్రోగ్రామ్‌లోకి వచ్చేస్తాయి. లినక్స్ లోడర్ సింబల్స్‌ను లైబ్రరీల వారీగా విడదీయదు కాబట్టి ఎవరి పిలుపు ఎవరికి చేరుతుందో చెప్పలేం. ఈ డిని ఆపడానికి ఫ్రీటైప్ ప్రత్యేకంగా ఒక ఆప్షన్ ఇవ్వాల్సి రావడం ఊరికే కాదు. క్యూటీ ఈ విషయంలో తెలివిగా నడిచింది: విండోస్‌లో డి, మ్యాక్‌లో _డీబగ్, లినక్స్‌లో ఏమీ లేదు. క్యూటీ లాంటిదే అయిన డబ్ల్యూఎక్స్‌విడ్జెట్స్ కూడా 2.9 నుంచి యూనిక్స్ మీద డిని వదిలేసి విండోస్‌కే పరిమితం చేసింది.

మ్యాక్ గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. డీబగ్ సమాచారం డీసిమ్ అనే పక్క ఫోల్డర్‌లోకి వెళుతుంది, ఏబీఐ మారదు. లోడర్‌కు ఒక ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ద్వారా ‘_డీబగ్ చివర ఉన్న కాపీ దొరికితే అదే వాడు’ అని చెప్పే సౌకర్యం పాతకాలం నుంచీ ఉంది. మళ్లీ లింక్ చేయకుండానే కాపీ మార్చుకోవచ్చు. క్యూటీ వాడే _డీబగ్ తోక ఈ సంప్రదాయానిదే. ఆండ్రాయిడ్ లినక్స్ దారినే నడుస్తుంది. లైబ్రరీ పేరు మారదు, ఫోన్‌కు వెళ్లే ముందు డీబగ్ సమాచారాన్ని తీసేస్తారు.

పేర్ల పద్ధతుల్లో అతి పెద్ద సంసారం సీ ప్లస్ ప్లస్ లైబ్రరీల సముదాయమైన బూస్ట్‌ది. వెర్షన్డ్ అనే పద్ధతిలో దాని విండోస్ ఫైలు పేరులోనే కంపైలర్ పేరు, మల్టీథ్రెడింగ్ గుర్తు, డీబగ్ గుర్తులు, 64 బిట్ గుర్తు, బూస్ట్ వెర్షన్ అన్నీ గొలుసుకట్టుగా ఉంటాయి. ఇందులో మెచ్చుకోవాల్సిన సూక్ష్మం ఒకటుంది. డీబగ్ రన్‌టైమ్ వాడితే ‘జీ’, లైబ్రరీ కోడ్‌నే డీబగ్‌గా కంపైల్ చేస్తే ‘డి’ అని రెండు వేర్వేరు అక్షరాలు. మామూలు డీబగ్ బిల్డ్‌లో రెండూ కలిసి ‘జీడీ’గా వస్తాయి. హాని చేసేదాన్నీ హాని లేనిదాన్నీ పేరులోనే విడదీసిన పెద్ద లైబ్రరీ ఇదొక్కటే అనవచ్చు. పైగా విండోస్ కంపైలర్లకు దీని హెడర్ ఫైళ్లలోనే ఏ పేరు లింక్ చేయాలో రాసి ఉంటుంది. హెడర్‌ను చేర్చుకుంటే చాలు, సరిపోయే ఫైలును లింకర్ తనే వెతుక్కుంటుంది. దొరకనప్పుడు మాత్రం అంత పొడుగు పేరు ఎక్కడి నుంచి వచ్చిందో కొత్తవారికి అంతుపట్టదు.

పోకో లైబ్రరీ స్టాటిక్ ఫైళ్లకు రన్‌టైమ్ స్విచ్ పేరునే తోకగా పెడుతుంది: ఎండీ, ఎండీడీ, ఎంటీ, ఎంటీడీ. చూసిన వెంటనే ఏది దేనితో కలపాలో తెలిసిపోతుంది. ఎస్‌ఎఫ్‌ఎంఎల్ స్టాటిక్‌కు ఒక గుర్తు, డీబగ్‌కు ఒక గుర్తు విడివిడిగా పెడుతుంది. ఓగర్ గ్రాఫిక్స్ ఇంజన్‌ది అండర్‌స్కోర్ డి. ఇవన్నీ ఒకే ప్రశ్నకు తలా ఒక జవాబు. ఎవరి జవాబు వారికి బాగానే ఉంది, పది లైబ్రరీలు కలిపి వాడేవారికే బాధ.

పేరు జోలికి పోకుండా ఫోల్డర్‌ను మార్చే పద్ధతి రెండో సంప్రదాయం. మైక్రోసాఫ్ట్ 2016లో తెచ్చిన వీసీప్యాకేజ్ మేనేజర్, అంటే వీసీపీకేజీ, ప్రతి లైబ్రరీనీ మామూలుగా రెండుసార్లు బిల్డ్ చేస్తుంది. రిలీజ్ ఫైళ్లు లిబ్, బిన్ ఫోల్డర్లలో, డీబగ్ ఫైళ్లు డీబగ్ అనే ఫోల్డర్ కింద అవే పేర్ల ఉపఫోల్డర్లలో ఉంటాయి. హెడర్ ఫైళ్లు ఇద్దరికీ ఒకటే. అసలు రచయితలు పెట్టిన డిని అది చెరపదు, లేనిచోట చేర్చదు. అందుకే డి లేని హార్ఫ్‌బజ్ కూడా ఇక్కడ ఇబ్బంది పెట్టదు. రస్ట్ భాషలోనూ ఫైళ్లు టార్గెట్ ఫోల్డర్ కింద డీబగ్, రిలీజ్ అనే ఉపఫోల్డర్లలోకి వెళతాయి. అయితే విండోస్ మీద రస్ట్ డీబగ్ బిల్డ్ కూడా మైక్రోసాఫ్ట్ రిలీజ్ రన్‌టైమ్‌నే వాడుతుంది. దానికి డీబగ్ సీ ప్లస్ ప్లస్ లైబ్రరీని జతచేయబోతే రన్‌టైమ్‌లు పొసగవు.

రెండు సంప్రదాయాల్లో ఏది మంచిది? స్టాటిక్ లైబ్రరీలకు ఫోల్డర్ పద్ధతి చాలు. విండోస్ డీఎల్‌ఎల్‌లకు మాత్రం పేరే మారాలి. డీఎల్‌ఎల్ పేరు ఇంపోర్ట్ లైబ్రరీలో, అక్కడి నుంచి ప్రోగ్రామ్‌లో ముద్రపడిపోతుంది. నడిచే సమయంలో విండోస్ వెతికే వరుసలో ముందు ఏ ఫోల్డర్‌లో ఆ పేరు దొరికితే అందులోని ఫైలు లోడ్ అవుతుంది. రెండు కాపీలకూ ఒకే పేరుంటే డీబగ్ ప్రోగ్రామ్‌కు రిలీజ్ డీఎల్‌ఎల్ దొరికినా ఎవరూ అడ్డుచెప్పరు. పేరు వేరైతే కనీసం ‘ఫైలు లేదు’ అన్న ఎర్రర్ వస్తుంది. తయారైన డీఎల్‌ఎల్‌కు తర్వాత చేత్తో పేరు మార్చడం కూడా ఇందుకే కుదరదు. పేరు బిల్డ్ సమయంలోనే పడాలి.

ఆ పని చేయించేది బిల్డ్ వ్యవస్థ. అమెరికా నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ డబ్బుతో నడిచిన ఐటీకే అనే వైద్య చిత్రాల లైబ్రరీ కోసం కిట్‌వేర్ సంస్థ 2000లో మొదలుపెట్టిన సీమేక్ ఇప్పుడు ఈ రంగంలో పెద్దన్న. దీనిలో డీబగ్, రిలీజ్, డీబగ్ సమాచారంతో కూడిన రిలీజ్, చిన్న సైజు రిలీజ్ అని నాలుగు కాన్ఫిగరేషన్లు. డీబగ్ పోస్ట్‌ఫిక్స్ అనే వేరియబుల్‌కు డి అని విలువ ఇస్తే లైబ్రరీల పేర్లకు అది చేరుతుంది, ప్రోగ్రామ్ ఫైళ్లకు చేరదు. ఆ వేరియబుల్‌ను విండోస్ అయితేనే అన్న షరతు లోపల పెట్టడం ఒక్క వరుస పని. ఆ ఒక్క వరుస లేకే పైన చెప్పిన లినక్స్ చిక్కులు వస్తున్నాయి.

సీమేక్‌లో రెండు రకాల జనరేటర్లు ఉన్నాయన్నది గుర్తుంచుకోవాలి. మేక్‌ఫైళ్లు, మామూలు నింజా ఒకసారికి ఒకే కాన్ఫిగరేషన్‌ను చూస్తాయి. విజువల్ స్టూడియో, ఎక్స్‌కోడ్, 2020లో వచ్చిన నింజా మల్టీ కాన్ఫిగ్ ఒకే ప్రాజెక్టులో అన్నిటినీ మోస్తాయి, ఏది కావాలో బిల్డ్ చేసేటప్పుడు చెప్పాలి. మొదటి రకంలో బిల్డ్ టైప్ చెప్పడం మరిచిపోతే అది డీబగ్ కాదు, రిలీజ్ కాదు. ఏ స్విచ్‌లూ లేని బిల్డ్ వస్తుంది, నెమ్మదిగా నడుస్తుంది, డీబగ్ సమాచారమూ ఉండదు. రెండో రకంలో బిల్డ్ టైప్ వేరియబుల్‌ను చూసి షరతులు రాస్తే అవి పనిచేయవు. లినక్స్‌లో రాసిన సీమేక్ ఫైలు విజువల్ స్టూడియోలో తప్పు లైబ్రరీని లింక్ చేయడానికి తరచుగా ఇదే కారణం. షరతుల బదులు జనరేటర్ ఎక్స్‌ప్రెషన్లు రాయాలి.

ఇప్పటికే తయారైన లైబ్రరీని లింక్ చేసేటప్పుడు పాత పద్ధతి, లైబ్రరీ పేరు ముందు డీబగ్ అనో ఆప్టిమైజ్డ్ అనో మాట చేర్చి రెండూ రాయడం. ఇప్పటి పద్ధతి ఇంపోర్టెడ్ టార్గెట్: లైబ్రరీ పేరు ఒక్కటే రాస్తారు, దాని లోపల డీబగ్ ఫైలు ఎక్కడుందో, రిలీజ్ ఫైలు ఎక్కడుందో నమోదై ఉంటుంది. ఈ పద్ధతే మెరుగు, కానీ ఇందులో దాగిన గొయ్యి ఒకటుంది. ప్రాజెక్టు ‘డీబగ్ సమాచారంతో కూడిన రిలీజ్’గా బిల్డ్ అవుతోంది, లైబ్రరీలో మాత్రం డీబగ్, రిలీజ్ రెండే ఉన్నాయనుకోండి. సరిపోయేది దొరకనప్పుడు సీమేక్ నమోదైన వాటిలో ఏదో ఒకటి తీసుకుంటుంది, అది డీబగ్ కూడా కావచ్చు. విండోస్‌లో దాని ఫలితం ఏమిటో పైన చూశాం. ఈ కాన్ఫిగరేషన్‌కు రిలీజ్ ఫైలునే వాడమని మ్యాప్ ఇంపోర్టెడ్ కాన్ఫిగ్ అనే లక్షణంతో ముందే చెప్పేయడం మంచిది. రన్‌టైమ్ ఎంపికకు 2019లో వచ్చిన 3.15 వెర్షన్ నుంచి విడిగా వేరియబుల్ ఉంది. కంపైలర్ స్విచ్‌ల వరుసలో వెతికి /ఎండీని /ఎంటీగా మార్చే పాత చిట్కాలు ఇక అక్కర్లేదు.

యూనిక్స్‌లో లైబ్రరీల లింకు వివరాలు చెప్పే పీకేజీ-కాన్ఫిగ్‌లో డీబగ్ అనే ఊహే లేదు. అది పుట్టిన చోట ఆ అవసరమూ లేదు. మీసన్ ఏ తోకా చేర్చదు, విండోస్ రన్‌టైమ్‌ను మాత్రం ఒక ఆప్షన్‌తో ఎంచుకోనిస్తుంది. కోనన్ ప్యాకేజీ మేనేజర్ బిల్డ్ టైప్‌ను ఆపరేటింగ్ సిస్టం, కంపైలర్‌లతో సమానంగా చూసి, ఒక్కో బిల్డ్ టైప్‌కు ఒక్కో ప్యాకేజీ గుర్తు ఇస్తుంది. సూత్రంగా ఇదే సరైనది. కాకపోతే లినక్స్‌లో తేడా లేని చోట కూడా రెండుసార్లు బిల్డ్ చేయించి డిస్కు నింపుతుంది.

లింకర్ కంటికి కనపడని లింకులు ప్లగిన్లవి. క్యూటీ ప్రోగ్రామ్ విండోస్‌లో మొదలవుతూనే క్యూవిండోస్ అనే ప్లగిన్‌ను వెతుకుతుంది. డీబగ్ ప్రోగ్రామ్‌కు క్యూవిండోస్‌డి కావాలి. తప్పు కాపీ దొరికితే డీబగ్, రిలీజ్ లైబ్రరీలు కలపకూడదని క్యూటీయే చెప్పి లోడ్ చేయడం మానేస్తుంది. విన్‌డిప్లాయ్‌క్యూటీ అనే పనిముట్టు ప్రోగ్రామ్‌ను చూసి సరిపోయే కాపీలనే దాని పక్కకు చేరుస్తుంది, చేత్తో కాపీ చేయడం కన్నా అదే నయం. సొంతంగా ప్లగిన్లు లోడ్ చేసే ప్రోగ్రామ్ రాసేవారు ఇలాంటి తనిఖీ ఒకటి పెట్టుకోవాలి. ఎల్‌ఎల్‌వీఎం కంపైలర్ ప్రాజెక్టు చేసిన ఉపాయం అందుకు మంచి నమూనా. తనిఖీల కోసం ఏబీఐ మార్చిన బిల్డ్‌లో ఒక పేరున్న సింబల్‌నూ, మార్చని బిల్డ్‌లో ఇంకో పేరున్న సింబల్‌నూ ఉంచుతారు. హెడర్‌ను చేర్చుకున్న ప్రతి ఫైలూ తనకు తగిన సింబల్‌ను అడుగుతుంది. జత కుదరకపోతే లింక్ కాదు. మైక్రోసాఫ్ట్ లింకర్ చేసే తనిఖీని ఏ ప్లాట్‌ఫారం మీదైనా తెచ్చుకోవడం ఇంత సులువు.

పైథాన్ కూడా ఈ చిక్కులోంచి తప్పించుకోలేదు. విండోస్‌లో డీబగ్ పైథాన్ ఫైలు పేరు చివర _డి ఉంటుంది, అది లోడ్ చేసే ఎక్స్‌టెన్షన్లకూ అదే తోక ఉండాలి. విండోస్ డీబగ్ బిల్డ్‌లో ఉండే _డీబగ్ మాక్రోను పైథాన్ హెడర్ ఫైలు చూస్తే తానే డీబగ్ పైథాన్ లైబ్రరీని లింక్ చేయమని అడుగుతుంది. తన కోడ్‌ను డీబగ్ చేసుకోవాలనుకున్న పాపానికి, మామూలుగా ఇన్‌స్టాల్ చేస్తే రాని ఫైలు ఒకటి కావాల్సి వస్తుంది. సీ ప్లస్ ప్లస్ కోడ్‌ను పైథాన్‌కు జతచేసే పైబైండ్11 లాంటివి ఆ హెడర్‌ను చేర్చే ముందు మాక్రోను తాత్కాలికంగా తీసేస్తాయి. ముతక పనే అయినా పనిచేస్తుంది. యూనిక్స్ వైపు మాత్రం 2019లో వచ్చిన పైథాన్ 3.8 నుంచి డీబగ్, రిలీజ్ బిల్డ్‌ల ఏబీఐ ఒకటే. చిక్కును పేర్లతో దాచకుండా మూలంలోనే తీసేసిన అరుదైన సందర్భం ఇది.

లైబ్రరీ రాసేవారి చేతిలోనూ అలాంటి దారి ఉంది. బయటికి కనిపించే ఫంక్షన్లలో వెక్టర్లు, స్ట్రింగులు ఇచ్చిపుచ్చుకోకుండా సీ తరహా పాయింటర్లు, పొడవులు మాత్రమే ఉంచి, తాను ఇచ్చిన మెమరీని తానే విడిపించే ఫంక్షన్ ఇస్తే, విండోస్ మీద కూడా ఏ డీఎల్‌ఎల్‌తో ఏ ప్రోగ్రామైనా కలుస్తుంది. హార్ఫ్‌బజ్, ఫ్రీటైప్, జెడ్‌లిబ్ బయటి ముఖాలు ఇలాంటివే. డి లేకపోయినా హార్ఫ్‌బజ్ డీఎల్‌ఎల్ ఎవరినీ పెద్దగా బాధపెట్టకపోవడానికి కారణం అదే. హెడర్ ఫైళ్లలో ఎన్‌డీబగ్‌ను చూసి క్లాసుకు సభ్యులను కలపడం, తీసేయడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ చేయకూడదు. అది చేస్తే లినక్స్‌లో కూడా రెండు కాపీలూ రెండు వేర్వేరు లైబ్రరీలైపోతాయి.

డీబగ్ రన్‌టైమ్ నిజంగా అవసరమయ్యేది మెమరీ తప్పులు, ఇటరేటర్ తప్పులు వెతికేటప్పుడే. మిగతా రోజువారీ పనికి విండోస్‌లో సొంత కోడ్‌ను మాత్రం ఆప్టిమైజేషన్ ఆపి, /ఎండీతోనే, _డీబగ్ మాక్రో లేకుండా కంపైల్ చేసి, లైబ్రరీలన్నిటినీ రిలీజ్‌వే వాడుకోవచ్చు. డీబగ్ సమాచారం ఉండే పీడీబీ ఫైళ్లు ఉంటే వరుస వరుసగా అడుగులు వేయడం అప్పుడూ కుదురుతుంది. డి ఉన్న ఫైళ్ల అవసరమే రాదు, బిల్డ్ సమయమూ, డిస్కు జాగా కూడా సగానికి దగ్గరగా మిగులుతాయి. ప్యాకేజీ మేనేజర్ ప్రతిదాన్నీ రెండుసార్లు బిల్డ్ చేయకుండా వీసీపీకేజీలో రిలీజ్ మాత్రమే తయారుచేసే ఏర్పాటు కూడా ఉంది.

2022లో విజయనగరం కేంద్రంగా ఏర్పడిన జేఎన్‌టీయూ గురజాడ పరిధిలోని కళాశాలల్లోనైనా, ఎచ్చెర్ల ట్రిపుల్ ఐటీలోనైనా, సీ ప్లస్ ప్లస్ ప్రాజెక్టును ఒక కంప్యూటర్‌లో రాసి మరో కంప్యూటర్‌లో చూపించే విద్యార్థి ఒకటి గుర్తుపెట్టుకోవాలి. విజువల్ స్టూడియోలో మొదట తెరుచుకునేది డీబగ్ కాన్ఫిగరేషన్. ఆ ఫోల్డర్‌లోంచి కాపీ చేసిన ప్రోగ్రామ్, విజువల్ స్టూడియో లేని కంప్యూటర్‌లో వీసీరన్‌టైమ్140డి లేదన్న సందేశంతో ఆగిపోతుంది. మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే రీడిస్ట్రిబ్యూటబుల్ ప్యాకేజీ వేసినా ఆ ఫైలు రాదు, దాన్ని వేరేవారికి పంచడానికి లైసెన్సు కూడా ఒప్పుకోదు. ఇంటర్నెట్‌లో దొరికిన డీఎల్‌ఎల్‌ను తెచ్చి ప్రోగ్రామ్ పక్కన పెట్టకండి. రిలీజ్‌గా బిల్డ్ చేసి, డి లేని డీఎల్‌ఎల్‌లను ప్రోగ్రామ్ ఉన్న ఫోల్డర్‌లోనే పెట్టి, విజువల్ స్టూడియో లేని ఒక కంప్యూటర్‌లో ముందు రోజే నడిపి చూసుకోండి.